పట్టాల నడుమ పలికే బిళ్ళ

పిల్లలూ! రైలు స్టేషనులో ఎర్ర చొక్కా వేసుకొని సామాను మోసే పోర్టర్లను మీరు చూచే ఉంటారు. వారి దండకు ఒక ఇత్తడి బిళ్ళ కట్టి ఉంటుంది. దానిమీద ఒక సంఖ్య ఉంటుంది. మన సామాను ఎత్తుకొన్న పోర్టరు జనంలో కనబడకపోతే ఆ సంఖ్య చెప్పి స్టేషనులో విచారించవచ్చు. పూర్వం ప్రభుత్వ కచేరీలలో కొందరు నౌకర్లు కూడా ఇలాగే బిళ్ళలు ధరించేవారు. అందుకే వారిని "బిళ్ళబంట్రోతులు" అనేవారు.

మనిషిని గాని, వస్తువును గాని గుర్తుపట్టటానికి బిళ్ళ కట్టటం పాత పద్ధతే. కాని ఇత్తడి బిళ్ళ మూగది. ఎవరైనా దగ్గరకు వచ్చి, వెలుతురులో, కంటితో చూచి చదువుకోవాలి. ఈనాడు నోరున్న బిళ్ళలు వచ్చినవి. "నీ సంఖ్య ఎంత?" అని రేడియో తరంగంతో అడిగితే, రేడియో తరంగంతోనే జవాబు చెబుతవి. చీకటిలో అడిగినా చెబుతవి. దుమ్ము కప్పి ఉన్నా చెబుతవి. వీటికి ఇంగ్లీషులో "రేడియో ఫ్రీక్వెన్సీ ఐడెంటిఫికేషన్ ట్యాగులు" అని పేరు. పేరు పొడుగ్గా ఉన్నదని ఆర్.ఎఫ్.ఐ.డి. అని కుదించారు. మనం మాత్రం హాయిగా "రేడియో బిళ్ళ" అందాం.

ఈ బిళ్ళలు మీకు తెలియకుండానే మీ చుట్టూ ఉన్నవి. కారు ముందు అద్దానికి అతికించే ఫాస్టాగ్ ఒక రేడియో బిళ్ళ. 2021 ఫిబ్రవరిలో జాతీయ రహదారుల టోలు గేట్ల వద్ద దానిని తప్పనిసరి చేశారు. మెట్రో రైలు ఎక్కేటప్పుడు గేటుకు తాకించే స్మార్టు కార్డులో ఉన్నదీ ఈ జాతి బిళ్ళే.

వీటన్నిటికంటె గొప్ప పని చేసే బిళ్ళలు మన కంటికి ఆనని చోట ఉన్నవి. రైలు పట్టాల నడుమ, స్లీపర్లకు బిగించి ఉన్నవి. ఆ కథ మన సికింద్రాబాదుకు దగ్గరి కథ.

రైలు ఎక్కడ ఉన్నది?

"రైలు ఎక్కడ ఉంటుంది? పట్టాల మీద ఉంటుంది" అని మీరు నవ్వుతారేమో! కాని పట్టాల మీద సరిగ్గా ఎక్కడ ఉన్నదన్నది చిన్న ప్రశ్న కాదు. బస్సు ఆగినట్లు రైలు ఆగదు. ఇనుప చక్రం ఇనుప పట్టామీద దొర్లుతుంది. ఆ రెండింటి మధ్య ఒరిపిడి తక్కువ. వెనుక వందల టన్నుల బరువు. మంచి వేగంలో ఉన్న ఎక్స్‌ప్రెస్ బండికి బ్రేకు వేస్తే, దాదాపు ఒక కిలోమీటరు పోతేగాని నిలవదు. అంటే డ్రైవరు ఎదురుగా ప్రమాదం చూచిన తరువాత బ్రేకు వేస్తే చాలా సందర్భాలలో ఆలస్యమే అవుతుంది. ముందుగానే తెలియాలి. అందుకే సిగ్నళ్ళు పెట్టారు. అయితే సిగ్నలు చూడవలసింది మనిషి కన్ను. పొగమంచులో కన్ను కనబడదు. రాత్రంతా మేలుకొంటే అలసిపోతుంది.

2023 అక్టోబరు 29వ తేదీ సాయంత్రం విజయనగరం జిల్లాలో కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య రెండు పాసింజరు బళ్ళు ఒకే లైను మీద, ఒకే దిక్కుకు పోతున్నవి. ముందున్నది విశాఖపట్నం నుంచి పలాస పోయే బండి, వెనుక ఉన్నది రాయగడ పోయే బండి. వెనుక బండి వచ్చి ముందు బండిని గుద్దింది. పదిమందికి పైగా చనిపోయారు. ఎన్నో ఇళ్ళలో ఆ రాత్రి రావలసినవారు రాలేదు. ఆ మార్గంలో అప్పటికి "కవచ్" పెట్టలేదు.

కవచ్ అంటే కవచం. కర్ణుడి కవచ కుండలాల కథ మీకు తెలుసు గదా! ఇది రైలుకు తొడిగిన కవచం. మన దేశంలోనే తయారైంది. దీని మొదటి పరీక్షలు జరిగినది దక్షిణ మధ్య రైల్వేలో. 1966 అక్టోబరు 2న ఏర్పడిన ఆ రైల్వేకు ప్రధాన కార్యాలయం సికింద్రాబాదులోని రైల్ నిలయం. లింగంపల్లి, వికారాబాదు, వాడి మార్గంలోను, వికారాబాదు నుంచి బీదరు పోయే మార్గంలోను ఈ ఏర్పాటును పరీక్షించారు. 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల బళ్ళ మీద పరీక్షలు మొదలైనవి. 2020 జూలైలో కేంద్ర ప్రభుత్వం దీనిని దేశమంతటికీ రైలు రక్షణ పద్ధతిగా అంగీకరించింది. 2023 నాటికి దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్ల దారికి ఈ కవచం తొడిగారు. తరువాత ఇతర రైల్వేలకూ పాకింది. 1957లో సికింద్రాబాదులో నెలకొల్పిన సిగ్నలు ఇంజనీర్ల శిక్షణ సంస్థ "ఇరిసెట్"లో ఇప్పుడు కవచ్ పాఠాలు కూడా చెబుతున్నారు.

చక్రం లెక్క, బిళ్ళ లెక్క

కవచ్ పని చేయాలంటే ఇంజనుకు తన చోటు తానే తెలుసుకోవాలి. ఎలా?

ఒక మార్గం చక్రాలను లెక్కపెట్టటం. చక్రం ఒకసారి తిరిగితే బండి మూడు మీటర్లు పోతుందనుకోండి. నూరుసార్లు తిరిగితే మూడువందల మీటర్లు పోయినట్లు. ఈ లెక్క తేలికే. కాని వానకు తడిసిన పట్టామీద చక్రం ఒక్కొక్కసారి జారుతుంది. తిరుగుతుంది గాని ముందుకు పోదు. లెక్క తప్పుతుంది. ఆ తప్పు పోనుపోను పెరుగుతుంది.

ఆకాశంలోని ఉపగ్రహాలను అడగవచ్చు గదా అని మీలో తెలివిగలవారు అడుగుతారు. మంచి ప్రశ్నే. కాని పక్కపక్కనే రెండు లైన్లు ఉంటే వాటి మధ్య ఎడం నాలుగైదు మీటర్లు మాత్రమే. రైలు ఈ లైను మీద ఉన్నదా, ఆ లైను మీద ఉన్నదా అన్న సంగతి ప్రాణాలతో పని. అక్కడ "దాదాపు" అన్న మాట పనికిరాదు. పైగా సొరంగంలో ఉపగ్రహం కనబడదు.

అందుకే స్లీపర్లకు రేడియో బిళ్ళలు బిగించారు. దాదాపు కిలోమీటరుకు ఒకటి చొప్పున దారి పొడుగునా ఉంటవి. స్టేషన్లలో ప్రతి లైనుకూ, సిగ్నళ్ళ వద్దా ఉంటవి. ఇంజను అడుగున "రీడరు" అనే యంత్రం ఉంటుంది. అది ఎడతెగకుండా కిందికి రేడియో తరంగాలు పంపుతూ, "ఎవరక్కడ? ఎవరక్కడ?" అని అడుగుతూ పోతుంది. బిళ్ళ మీదుగా ఇంజను పోగానే ఆ బిళ్ళ, "నేను ఫలానా బిళ్ళను, ఇది ఫలానా చోటు, ఫలానా లైను" అని జవాబు చెబుతుంది. వెంటనే ఇంజను తన చక్రాల లెక్కను దిద్దుకొంటుంది. మళ్ళీ తరువాతి బిళ్ళ దాకా చక్రాలను లెక్కపెట్టుకొంటుంది. మన ఊళ్ళలో బాటసారి మైలురాయి చూచి, "ఓహో, ఇంత దూరం వచ్చాను" అని సరిచూసుకొన్నట్లే!

తన చోటు తెలిసిన ఇంజను ఆ సంగతిని స్టేషనుకు రేడియోలో చెబుతుంది. ముందు దారి ఎంతవరకు ఖాళీగా ఉన్నదో స్టేషను జవాబు చెబుతుంది. అంతకు మించి బండి పోబోతే, డ్రైవరు బ్రేకు వేయకపోయినా కవచ్ తానే వేస్తుంది. లెవెల్ క్రాసింగు దగ్గర పడితే తానే కూత వేస్తుంది.

2022 మార్చి 4న దీనిని అందరి ఎదుటా పరీక్షించారు. సికింద్రాబాదు డివిజనులో గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రెండు ఇంజన్లను ఒకే లైను మీదికి వదిలారు. ఒక ఇంజనులో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ కూర్చున్నారు. రెండవ దానిలో రైల్వే బోర్డు అధ్యక్షుడు వి.కె. త్రిపాఠీ ఉన్నారు. ముందున్న ఇంజనుకు ఇంకా 380 మీటర్ల దూరం ఉండగానే కవచ్ మంత్రిగారి ఇంజనును ఆపివేసింది.

ఇక్కడ మీకొక లెక్క. బండి గంటకు 108 కిలోమీటర్ల వేగంతో పోతే సెకండుకు 30 మీటర్లు పోతుంది. రీడరు ఒక బిళ్ళ మీద ఒక మీటరు మేర మాత్రమే ఉంటుందనుకొందాం. అంటే అడగటానికీ, జవాబు వినటానికీ ఉన్న వ్యవధి సెకండులో ముప్పయ్యోవంతు. మనం రెప్పవేసేంత వ్యవధి కూడా కాదు. కాని రేడియో తరంగం సెకండుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆ ముప్పయ్యోవంతులో అది ఎంత దూరం పోగలదో కట్టి చూడండి. పదివేల కిలోమీటర్లు! మనకు చాలనిది దానికి కావలసినంత.

బ్యాటరీ లేదు, అయినా పలుకుతుంది

రైలు బిళ్ళలో బ్యాటరీ లేదు. ఎండలో, వానలో, నూనె మరకల మధ్య ఏళ్ళ తరబడి పడి ఉండే వేలాది బిళ్ళలకు బ్యాటరీలు మార్చటం ఎవరి తరం? మరి మాట్లాడే శక్తి ఎక్కడిది? అడిగినవాడే ఇస్తాడు.

బిళ్ళలో ముఖ్యంగా రెండే భాగాలు. ఒకటి సన్నని లోహపు ఏరియలు. రెండవది ఇసుక రేణువంత చిప్పు. రీడరు పంపిన తరంగం ఏరియలుకు తగలగానే అందులో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తుతో చిప్పు మేలుకొంటుంది. కాని అది తానై కొత్త తరంగం పంపదు. తనకు తగిలిన తరంగాన్ని ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా వెనుకకు తిప్పికొడుతుంది. ఆ హెచ్చుతగ్గులే దాని మాటలు.

దీనిని మీరు ఇంట్లోనే చేసి చూడవచ్చు. రాత్రి దీపం ఆర్పి, ఒక గదిలో ఇద్దరు నిలబడండి. ఒకరి చేతిలో టార్చిలైటు, రెండవవారి చేతిలో చిన్న అద్దం, ఒక అట్ట. టార్చి వెలుగు అద్దం మీద పడి గోడమీదికి మళ్ళేట్లు పట్టుకోండి. ఇక అద్దాన్ని అట్టతో మూసి తీయండి. గోడమీద వెలుగు పోయి వస్తుంది. రెండుసార్లు మెరిస్తే "రెండు", ఐదుసార్లు మెరిస్తే "ఐదు" అనుకోండి. అద్దం ఉన్నవారి దగ్గర దీపం లేదు. అయినా టార్చి ఉన్నవారికి సంఖ్య చెప్పగలిగారు గదా! రేడియో బిళ్ళ చేసే పని ఇదే. వెలుగుకు బదులు రేడియో తరంగం, అంతే తేడా.

తిప్పికొట్టిన తరంగంతో కబురు చెప్పవచ్చునని హ్యారీ స్టాక్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు 1948లోనే ఒక వ్యాసం వ్రాశాడు. కాని అందుకు కావలసిన చిన్న చిప్పు అప్పటికి పుట్టలేదు. ఊహ ముందు పుట్టింది, పనిముట్టు తరువాత వచ్చింది.

మెట్రో కార్డు కొంచెం వేరు రకం. దానిలో తీగచుట్ట ఉంటుంది. అయస్కాంత క్షేత్రం మారుతూ ఉంటే తీగచుట్టలో విద్యుత్తు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. ఈ పద్ధతి కొద్ది అంగుళాల దూరంలోనే పనిచేస్తుంది. అందుకే కార్డును గేటు దగ్గరగా పెట్టాలి. ఫాస్టాగ్, రైలు బిళ్ళల వంటివి కొన్ని మీటర్ల దూరం నుంచి కూడా పలుకగలవు.

సంఖ్య చిన్నది, రిజిస్టరు పెద్దది

చాలా బిళ్ళలు చెప్పేది ఒక సంఖ్య మాత్రమే. సంఖ్యలో ఏమున్నది అంటారా? బడిలో ప్రతి పిల్లవాడికీ అడ్మిషను నంబరు ఉంటుంది. "412" అని ఎవరైనా బజారులో అరిస్తే ఎవరికీ ఏమీ తెలియదు. కాని హెడ్మాస్టరు గదిలో బీరువా తెరచి అడ్మిషను రిజిస్టరు తీస్తే, 412 ఎదురుగా పిల్లవాని పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా అన్నీ ఉంటవి. కాబట్టి రహస్యం సంఖ్యలో లేదు. రిజిస్టరు ఎవరి చేతిలో ఉన్నదో, ఆ బీరువా తాళం ఎవరి దగ్గర ఉన్నదో అన్నదే ముఖ్యం.

ఇంకొక సంగతి. మామూలు బిళ్ళకు అడిగినవారు ఎవరో తెలియదు. ఎవరు అడిగినా జవాబు చెబుతుంది. ఇందుకు ఒక చమత్కారమైన కథ ఉన్నది. 1945 ఆగస్టులో సోవియట్ దేశపు బడిపిల్లలు మాస్కోలోని అమెరికా రాయబారికి చెక్కతో చెక్కిన అందమైన అమెరికా రాజముద్రను బహూకరించారు. రాయబారి సంతోషించి దానిని తన ఇంట్లో గోడకు తగిలించుకొన్నాడు. అది ఏడేళ్ళు అక్కడే ఉన్నది. 1952లో విప్పి చూస్తే లోపల ఒక చిన్న వినికిడి యంత్రం బయటపడింది! లియోన్ థెరెమిన్ అనే సోవియట్ శాస్త్రజ్ఞుడు దానిని చేశాడు. దానికి బ్యాటరీ లేదు. బయటినుంచి రేడియో తరంగం పంపినప్పుడు మాత్రమే మేలుకొని, గదిలోని మాటలను ఆ తరంగంతో పంపేది. తరంగం ఆగితే మళ్ళీ చెక్కముక్కే. నేటి రేడియో బిళ్ళలకు అది పెదతాత వంటిది.

అందుచేతనే మంచి కార్డులలో తాళం వంటి గుప్త సంకేతం పెడతారు. సరైన రీడరు అడిగితేనే అవి జవాబు చెబుతవి.

మనిషికి బిళ్ళ

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. వస్తువుకు కట్టిన బిళ్ళను మనిషికి పెట్టవచ్చునా?

పెట్టి చూచారు. 1998 ఆగస్టు 24న ఇంగ్లండులో రీడింగు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కెవిన్ వార్విక్ తన చేతి చర్మం కింద ఒక చిప్పు పెట్టించుకొన్నాడు. ఆయన నడచి వస్తుంటే తలుపులు తెరచుకొనేవి, దీపాలు వెలిగేవి. తొమ్మిది రోజుల తరువాత తీయించుకొన్నాడు. 2004లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి వెరిచిప్ అనే చిప్పును మనుషులకు పెట్టటానికి అనుమతించింది. బియ్యపు గింజంత ఉండేది. రోగి స్పృహ తప్పి ఉన్నా, అతని సంఖ్యనుబట్టి వైద్య వివరాలు తెలుసుకోవచ్చునని దాని ఉద్దేశం. కాని జనం అంతగా కోరలేదు. 2010లో అమ్మకం మానుకొన్నారు. 2017లో స్వీడనులోని ఎస్.జె. రైల్వే కంపెనీ, చేతిలో చిప్పు ఉన్న ప్రయాణికులకు దానినే టిక్కెట్టుగా అంగీకరించింది. కండక్టరు చేయి చదివి పంపేవాడు.

ఈ చిప్పు ఉన్న మనిషిని ఆకాశం నుంచి వెంబడించవచ్చునని కొందరు భయపడతారు. అది నిజం కాదు. దానికి బ్యాటరీ లేదు. రీడరును చర్మానికి చాలా దగ్గరగా పెడితేగాని పలుకదు. కాని మరొక విధంగా ఆలోచించవలసినది ఉన్నది. ఒకే సంఖ్యను బడి గేటు, బస్సు గేటు, అంగడి గేటు చదివి, ఆ లెక్కలన్నీ ఒకే రిజిస్టరులో వ్రాస్తే ఏమవుతుంది? ఆ మనిషి ఎక్కడెక్కడ తిరిగాడో అడుగుజాడ ఏర్పడుతుంది. స్లీపరుకు ఇల్లు లేదు, స్నేహితులు లేరు. అది తన చోటు లోకమంతటికీ చెప్పినా నష్టం లేదు. మనిషి అలా కాదు.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం 2006లో ఒక చట్టం చేసింది. ఎవరికీ బలవంతంగా చిప్పు పెట్టించరాదని దాని సారాంశం. మన దేశంలో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు కలిసి, ఆంతరంగికత మనిషికి ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పారు. వార్విక్ చిప్పు పెట్టించుకొన్న తేదీ, ఈ తీర్పు వచ్చిన తేదీ ఒకటే కావటం కాకతాళీయం.

బడిలో హాజరు

2005 జనవరిలో కాలిఫోర్నియాలోని సట్టర్ అనే చిన్న ఊరిలో, బ్రిట్టన్ ఎలిమెంటరీ స్కూలు పిల్లల మెడలో రేడియో కార్డులు వేశారు. హాజరు తేలిక అవుతుందని వారి ఉద్దేశం. తల్లిదండ్రులలో కొందరు ఒప్పుకోలేదు. "మమ్మల్ని అడగకుండా మా పిల్లలకు బిళ్ళలు ఎలా కట్టారు?" అన్నది వారి వాదం. మరుసటి నెలలోనే ఆ ఏర్పాటు ఎత్తివేయవలసి వచ్చింది.

నేను ముప్పయ్యేళ్ళకు పైగా పట్టీ చూచి హాజరు పిలిచినవాడిని. పేరు పిలిచి, "ప్రెజెంట్ సార్" అన్న గొంతు వింటే, ఆ పిల్లవాడికి జలుబు చేసిందో, ఇంట్లో దెబ్బలు తిని వచ్చాడో, అన్నం తినకుండా వచ్చాడో కొంత తెలిసేది. కార్డు చదివే యంత్రానికి ఇది తెలియదు. పిల్లవాడు రాకపోయినా అతని కార్డు స్నేహితుడి సంచీలో రావచ్చు. యంత్రం "హాజరు" అనే వ్రాస్తుంది. బిళ్ళ వచ్చిందని చెప్పటం వేరు, పిల్లవాడు వచ్చాడని చెప్పటం వేరు.

అంటే కార్డులన్నీ చెడ్డవని కాదు. బడి బస్సులో పాప ఎక్కిందని తల్లికి కబురు అందితే ఆమె మనసు కుదుటపడుతుంది. అది మంచిదే. అయితే తల్లిదండ్రులు ముందుగా కొన్ని సంగతులు అడిగి తెలుసుకోవాలి. ఈ సంఖ్యను ఎవరెవరు చదువుతారు? వ్రాసిన రిజిస్టరు ఎవరి దగ్గర ఎన్నాళ్ళు ఉంటుంది? పని అయిన తరువాత బిళ్ళను తీసి పక్కన పెట్టవచ్చునా? బడివారు వీటికి తిన్నగా జవాబు చెబితే కార్డు తీసుకోవటానికి అభ్యంతరం ఉండదు. జవాబు చెప్పటానికి విసుక్కొంటే తొందరపడవద్దు. స్టేషను పోర్టరు సాయంత్రం ఇంటికి పోయి తన ఇత్తడి బిళ్ళను చిలక్కొయ్యకు తగిలించగలడు. చర్మం కింద పెట్టిన చిప్పును అలా తగిలించలేం గదా!

పిల్లలూ, ఈ ఆదివారం మీ ఇంట్లో రేడియో బిళ్ళలు ఎన్ని ఉన్నవో వెదకి ఒక కాగితం మీద వ్రాయండి. కారు అద్దం, మెట్రో కార్డు, దగ్గర పెడితే చాలుననే బ్యాంకు కార్డు, వీటన్నిటినీ చూడండి. ఒక్కొక్క దాని ఎదుట, దాని సంఖ్య ఎవరి రిజిస్టరులో ఉన్నదో మీ నాన్నగారినో, అమ్మగారినో అడిగి వ్రాయండి. ఆ తరువాత రైలెక్కినప్పుడు, వికారాబాదు దారిలో ఎక్కడో మీ కాళ్ళ కింద ఒక చిన్న బిళ్ళ, "ఇది ఫలానా చోటు" అని మీ ఇంజనుకు చెబుతున్నదని గుర్తు చేసుకోండి. దానిని చూడాలని మాత్రం పట్టాల మీదికి దిగవద్దు సుమా!